గొలుసా, సంకెలా?

తెలుగులో గొలుసు, సంకెల అని రెండు మాటలున్నాయి. రెండూ లోహపు కడియాలను ఒకదానిలో ఒకటి దూర్చి చేసేవే. అయినా పెళ్లికూతురి మెడలో సంకెల వేశారని ఎవరూ అనరు. గొలుసు దేశ్యపదం. తమిళులు కాలిపట్టీని కొలుసు అంటారు, అది దీని తోబుట్టువు. సంకెల సంస్కృతపు శృంఖల ప్రాకృతంలో అరిగి మనదాకా వచ్చిన రూపం. కుక్కను కట్టేదీ, తలుపుకు వేసేదీ గొలుసే కనుక కట్టివేయడం గొలుసుకు తెలియని పనేమీ కాదు. అయితే అది నగ కూడా అవుతుంది, ఉయ్యాలను మోస్తుంది, లంగరును నీటిలోకి దించుతుంది. సంకెలకు కట్టివేయడం తప్ప మరో వృత్తి లేదు. ఆకారం ఒకటే అయినా మనిషికి ఏం చేస్తుందో చూసి తెలుగు ఈ రెంటికీ వేర్వేరు పేర్లు పెట్టుకుంది.

ఇంగ్లిష్‌కూ చేతిసంకెళ్లకు, కాలిసంకెళ్లకు విడి మాటలున్నాయి. కానీ లాటిన్ కతేనా నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చిన చెయిన్ అన్న మాట రెండర్థాలనూ ఒకే గుప్పిట్లో పట్టుకుంది. మెడలో ఉంటే నగ, బహువచనంలో అంటే బానిసత్వం. ఈ రెండర్థాల మాట 1927లో అమెరికా రేడియో చట్టంలోకి ఎక్కింది. ‘చెయిన్ బ్రాడ్‌కాస్టింగ్’ చేసే కేంద్రాలకు ప్రత్యేక నిబంధనలు పెట్టే అధికారం ప్రభుత్వ కమిషన్‌కు ఉంటుందని ఆ చట్టం చెప్పింది. 1934 నాటి కమ్యూనికేషన్ల చట్టం దానికి నిర్వచనం కూడా ఇచ్చింది: ఒకదానితో ఒకటి కలిపిన రెండు లేదా అంతకన్నా ఎక్కువ కేంద్రాలు ఒకే కార్యక్రమాన్ని ఒకేసారి ప్రసారం చేయడం. చట్టం గొలుసు అంటున్న దానికి కంపెనీలు పెట్టుకున్న పేరు నెట్‌వర్క్. అమెరికాలోని అతి పెద్ద ప్రసార సంస్థల్లో రెండు, ఎన్‌బీసీ, దాని కడుపున పుట్టిన ఏబీసీ. వాటి నూరేళ్ల కథ ఈ రెండు పేర్ల మధ్య నడిచింది.

ముందు నెట్‌వర్క్ సంగతి. ఈ మాట 1560 నాటి జెనీవా బైబిల్లో కనిపిస్తుంది. అక్కడ అది బలిపీఠానికి అమర్చిన ఇత్తడి జల్లెడ లాంటి అల్లిక. అందులోని ‘వర్క్’ మనం జరీ పని, నగిషీ పని అన్నప్పటి ‘పని’. వలపని అన్నమాట. 1755లో శామ్యూల్ జాన్సన్ తన నిఘంటువులో ఇచ్చిన అర్థం మూల పదం కన్నా కష్టమని పేరు పడింది. అయినా అందులో ఒక మంచి గమనింపు ఉంది. పోగులు దాటుకునే చోట్లతో పాటు వాటి నడుమ ఉండే ఖాళీలను కూడా ఆయన నిర్వచనంలో చేర్చాడు. మన జాలరులు ఆ ఖాళీలను వల కళ్లు అంటారు. ఇంగ్లిష్‌లో నెట్‌వర్క్ అనగానే అల్లిక తోస్తుంది. తెలుగులో వల అనగానే పడ్డ చేప తోస్తుంది. వల వేయడం, వలలో పడడం, వల పన్నడం, ఈ పలుకుబళ్లలో ఒక్కటీ వలకు చిక్కినవాడికి మేలు చేసేది లేదు. బహుశా అందుకే మనం నెట్‌వర్క్‌ను వల అనకుండా నెట్‌వర్క్‌గానే తెచ్చుకున్నాం. సంస్కృతం వైపు వెళ్లి అంతర్జాలం అన్నప్పుడు జాలం మోసుకొచ్చిన ఇంద్రజాలపు అర్థాన్ని పక్కకు నెట్టాం.

రేడియో గాలిలో నడుస్తుందని మన నమ్మకం. ఒక కేంద్రం నుంచి ఇంట్లోని పెట్టె దాకా నిజంగా గాలిలోనే నడుస్తుంది. కేంద్రానికీ కేంద్రానికీ మధ్య మాత్రం తీగ కావాలి. చట్టం ‘కలిపిన’ అన్నది ఆ తీగనే. 1920లలో ఆ తీగ ఏటీ అండ్ టీ అనే టెలిఫోన్ కంపెనీది. 1922లో న్యూయార్క్‌లో డబ్ల్యూఈఏఎఫ్ అనే కేంద్రం పెట్టి, దాన్ని ఆ కంపెనీ టెలిఫోన్ బూత్ లాగా చూసింది. రుసుము కట్టినవాడు వచ్చి మాట్లాడుకోవచ్చు. దీనికి పెట్టిన పేరు ‘టోల్ బ్రాడ్‌కాస్టింగ్’, టోల్ గేటులో ఉన్న టోలే. అదే ఏడాది ఆగస్టు 28న జాక్సన్ హైట్స్‌లోని అపార్ట్‌మెంట్లు అమ్ముకునే ఒక సంస్థ ఆ రుసుము కట్టి మాట్లాడింది. రేడియో వాణిజ్య ప్రకటనల చరిత్రను అక్కడి నుంచే లెక్కిస్తారు. 1923 జనవరి 4న ఆ కేంద్రాన్ని బోస్టన్‌లోని మరో కేంద్రంతో టెలిఫోన్ తీగ మీద కలిపారు. గొలుసులో రెండో కడియం పడింది.

ఆర్‌సీఏ అనే రేడియో కంపెనీ చేతిలో డబ్ల్యూజేజెడ్ అనే కేంద్రం ఉంది. తన పోటీదారుకు టెలిఫోన్ తీగలు ఇవ్వడానికి ఏటీ అండ్ టీ ఒప్పుకోలేదు. ఆర్‌సీఏ టెలిగ్రాఫు తీగలతో సర్దుకోవలసి వచ్చింది. టకటకల కోసం వేసిన ఆ తీగల మీద పాట నాణ్యంగా వచ్చేది కాదు. చివరికి 1926లో రాజీ కుదిరింది. టెలిఫోన్ కంపెనీ డబ్ల్యూఈఏఎఫ్‌ను 10 లక్షల డాలర్లకు ఆర్‌సీఏకు అమ్మి, ప్రసారాల రంగం వదిలి, తీగలు అద్దెకిచ్చే పనికి పరిమితమైంది. ఆ సెప్టెంబరులో నేషనల్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీ, అంటే ఎన్‌బీసీ, పుట్టింది. వాటాలు ఆర్‌సీఏకు 50 శాతం, జనరల్ ఎలక్ట్రిక్‌కు 30, వెస్టింగ్‌హౌస్‌కు 20. నవంబరు 15 రాత్రి న్యూయార్క్‌లోని వాల్డార్ఫ్ ఆస్టోరియా హోటల్లో తొలి ప్రసారం జరిగింది. హాస్యనటుడు విల్ రోజర్స్ కాన్సాస్ నుంచి, గాయని మేరీ గార్డెన్ షికాగో నుంచి అందులో పాల్గొన్నారు. మూడు ఊళ్లలోని మనుషులు ఒకే కచేరీలో ఉన్నట్టు విన్నవాళ్లకు అనిపించింది. గొలుసు నగగా మెరిసిన రాత్రి అది.

1927 జనవరి నుంచి ఎన్‌బీసీకి రెండు గొలుసులు. డబ్ల్యూఈఏఎఫ్ తలగా ఉన్నది రెడ్, డబ్ల్యూజేజెడ్ తలగా ఉన్నది బ్లూ. ఇంజనీర్లు పటం మీద తీగల దారులను ఎరుపు, నీలం రంగుల్లో గుర్తించినందున ఆ పేర్లు వచ్చాయని చెబుతారు. ఎన్‌బీసీ ప్రసిద్ధ మూడు గంటమోతల స్వరాన్ని తర్వాతి తరాలవాళ్లు సంస్థ ముద్రగా విన్నారు. 1950లో అది ధ్వని ముద్రగా నమోదు కూడా అయింది. మొదట్లో అది పనివాళ్ల సంకేతం. ఆ స్వరం వినగానే ఊరూరి కేంద్రంలోని ఇంజనీరు తన కేంద్రాన్ని గొలుసులో కలపాలా, విడదీయాలా తేల్చుకునేవాడు. కడియం కలిసేటప్పుడూ ఊడేటప్పుడూ వినిపించే చప్పుడన్నమాట.

గొలుసులోని ప్రతి కడియాన్నీ అఫిలియేట్ అన్నారు. లాటిన్‌లో ఫీలియస్ అంటే కొడుకు. అఫిలియేట్ అంటే దత్తత తీసుకున్న బిడ్డ. మనం విశ్వవిద్యాలయాల విషయంలో దీన్ని అనుబంధం చేశాం: అనుబంధ కళాశాల. అనుబంధంలో ప్రేమా ఉంది, బంధమూ ఉంది. అమెరికా ఒప్పందాలు చదివితే రెండోదే ఎక్కువ కనిపిస్తుంది. ఎన్‌బీసీ, దాని పోటీ నెట్‌వర్క్ సీబీఎస్‌ల మామూలు ఒప్పందం ప్రకారం కేంద్రం ఐదేళ్లు కట్టుబడాలి. నెట్‌వర్క్ మాత్రం ఏడాది నోటీసుతో తెగతెంపులు చేసుకోవచ్చు. కేంద్రం మరే నెట్‌వర్క్ కార్యక్రమమూ వేయకూడదు. 28 రోజుల ముందు చెబితే చాలు, స్థానిక కార్యక్రమం తీసేసి ఆ వేళను నెట్‌వర్క్‌కు ఇవ్వాలి. 1938 చివరికి అమెరికాలో 660 వాణిజ్య కేంద్రాలుంటే 341 జాతీయ నెట్‌వర్క్‌లతో కట్టుబడి ఉన్నాయి. సంఖ్యలో ఇది సగమే అనిపిస్తుంది. రాత్రివేళ దేశంలో ప్రసారానికి వాడే విద్యుచ్ఛక్తి లెక్క తీస్తే అందులో 97 శాతం పైగా వీటిదే. పెద్ద గొంతులన్నీ గొలుసులో ఉన్నాయి, బయట మిగిలినవి సన్న గొంతులు.

1939లో ఏం జరిగిందో చూడండి. మ్యూచువల్ అనే చిన్న నెట్‌వర్క్‌కు బేస్‌బాల్ వరల్డ్ సిరీస్ ప్రసార హక్కులు దక్కాయి. 1934లో న్యూయార్క్, షికాగో, సిన్సినాటి, డెట్రాయిట్ నగరాల్లో వినిపించే కేంద్రాలు చేయి చేయి కలిపి పెట్టుకున్న సంస్థ అది. తనకు కేంద్రం లేని ఊళ్లలో ఎన్‌బీసీ, సీబీఎస్ అనుబంధ కేంద్రాలకు ఆ ఆటను ఇవ్వజూపింది. ఆ రెండు సంస్థలూ ఒప్పందాలు చూపించి వీల్లేదన్నాయి. కేంద్రం వేద్దామనుకుంది, ఊరు విందామనుకుంది, అడ్డం వచ్చింది ఎక్కడో న్యూయార్క్‌లో రాసుకున్న ఒక షరతు. గొలుసు సంకెల కావడమంటే ఇదే.

అప్పటికే 1934 చట్టం కింద ఏర్పడిన కమిషన్, ఎఫ్‌సీసీ, నెట్‌వర్క్‌ల మీద విచారణ మొదలుపెట్టి ఉంది. 1941 మే 2న నివేదిక వచ్చింది. దాని పేరులో ఉన్నది నెట్‌వర్క్ కాదు, చట్టంలోని చెయినే: చెయిన్ బ్రాడ్‌కాస్టింగ్ మీద నివేదిక. ఇక్కడ ఒక చిక్కు. నెట్‌వర్క్‌కు లైసెన్సు అక్కర్లేదు, ఎందుకంటే అది వాడేది అద్దె తీగ. గాలిని వాడేది కేంద్రం కనుక లైసెన్సు కేంద్రానికే. చట్టానికి చిక్కేది కడియం తప్ప గొలుసు కాదు. కనుక కమిషన్ నిబంధనలను కేంద్రాల లైసెన్సుల మీద రాసింది. కేంద్రాన్ని ఒకే నెట్‌వర్క్‌కు కట్టిపడేసే ఒప్పందం ఉంటే లైసెన్సు ఇవ్వం. తన ఊరికి తగదనుకున్న కార్యక్రమాన్ని తిరస్కరించే హక్కు కేంద్రానికి లేకుండా చేసే ఒప్పందం ఉంటే ఇవ్వం. ఒకటికి మించి నెట్‌వర్క్‌లు నడిపే సంస్థతో కట్టుబడితే ఇవ్వం. ఈ చివరి మాట ఎన్‌బీసీని ఉద్దేశించినదని అందరికీ తెలుసు.

ఎన్‌బీసీ కోర్టుకెక్కింది. 1943 మే 10న సుప్రీంకోర్టు 5–2 తేడాతో కమిషన్ పక్షం వహించింది. న్యాయమూర్తి ఫ్రాంక్‌ఫర్టర్ రాసిన తీర్పు సారం ఏమిటంటే, కమిషన్ దారిలో వాహనాలు గుద్దుకోకుండా చూసే పోలీసు మాత్రమే కాదు, ఆ దారిలో ఏం సాగుతుందో కూడా దాని బాధ్యతే. విభేదించిన ఇద్దరిలో ఒకరు న్యాయమూర్తి మర్ఫీ. చర్చకూ ప్రచారానికీ ఇంత శక్తిమంతమైన సాధనం మీద ప్రభుత్వానికి ఎంత పట్టు ఉండాలన్నది తీవ్రంగా ఆలోచించవలసిన సంగతి, చట్టం ఇవ్వని అధికారాన్ని కోర్టు ఇవ్వకూడదు అన్నది ఆయన వాదం. కంపెనీ చేతిలోంచి గొలుసు కొస తీసి ప్రభుత్వం చేతిలో పెడితే అది సంకెల కాకుండా పోతుందా? మర్ఫీ వేసిన ప్రశ్నకు ఆనాడు నిలువెత్తు జవాబు రాలేదు.

ఆ వేసవిలో ఎన్‌బీసీ బ్లూను అమ్మేసింది. కొన్నది లైఫ్ సేవర్స్ అనే చప్పరింత మిఠాయిల వ్యాపారి ఎడ్వర్డ్ నోబుల్. ధర 80 లక్షల డాలర్లు. కొంతకాలం ఉత్త రంగు పేరుతోనే నడిచిన ఆ సంస్థ 1945లో అమెరికన్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీ, ఏబీసీ, అయింది. కొత్త యజమాని దగ్గర టెలివిజన్‌కు తగినంత డబ్బు లేదు. ఆ డబ్బు తెగిన మరో గొలుసు నుంచి వచ్చింది. పారమౌంట్ కంపెనీ సినిమాలు తీయడం, తన థియేటర్ల చెయిన్‌లో ఆడించడం రెండూ చేస్తున్న తీరుపై 1948లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తర్వాత ఆ థియేటర్లు వేరే కంపెనీగా విడిపోయాయి. లెనర్డ్ గోల్డెన్సన్ నడిపే ఆ థియేటర్ల కంపెనీ 1953లో ఏబీసీని తనలో కలుపుకుంది. గుత్తాధిపత్యం తప్పని చట్టం తెంచిన రెండు ముక్కలు కలిసి మూడో పెద్ద నెట్‌వర్క్‌కు ప్రాణం పోశాయి. గొలుసును తెంచడం వినాశనమని ఎన్‌బీసీ కోర్టులో వాదించింది. తెంచిన చోటే కొత్త సంస్థ మొలిచింది.

ఆ తర్వాతి క్రయవిక్రయాల్లో ఒక వరస ఉంది. 1954లో వాల్ట్ డిస్నీ తన వినోద ఉద్యానవనానికి డబ్బు కోసం తిరుగుతున్నప్పుడు ఏబీసీ 5 లక్షల డాలర్లు పెట్టుబడి పెట్టి, మరో 45 లక్షల అప్పుకు హామీ ఉండి, బదులుగా ఆయన టెలివిజన్ కార్యక్రమం తీసుకుంది. 1985లో ఏబీసీ తనకన్నా ఎంతో చిన్నదైన క్యాపిటల్ సిటీస్‌కు 350 కోట్ల డాలర్లకు అమ్ముడుపోయింది. 1996లో ఆ జంట సంస్థను డిస్నీ కొన్నది, 1,900 కోట్ల డాలర్లకు. అప్పుకు హామీ ఉన్నవాణ్ని అప్పు తీసుకున్నవాడు కొన్నాడు. ఎన్‌బీసీ దారీ అలాగే తిరిగింది. 1932లో ప్రభుత్వంతో రాజీకి వచ్చి ఆర్‌సీఏ నుంచి తప్పుకున్న జనరల్ ఎలక్ట్రిక్, 1986లో 628 కోట్ల డాలర్లకు ఆర్‌సీఏనే కొనేసింది. మరుసటి ఏడాదే ఎన్‌బీసీ రేడియో నెట్‌వర్క్‌ను అమ్మేసింది. ఇప్పుడు ఎన్‌బీసీ యజమాని కామ్‌కాస్ట్. 2011లో సగానికి పైగా వాటా, 2013లో మిగిలినదీ తీసుకుంది. కామ్‌కాస్ట్ వ్యాపారం ఇంటింటికీ కేబుల్ లాగడం. తీగల కంపెనీ చేతిలో మొదలైన కథ, తీగల కంపెనీ చేతికే వచ్చింది. నెట్‌వర్క్ అంటే మొదటి నుంచీ గాలి కన్నా తీగ, తీగ కన్నా ఆ తీగ మీద రాసుకున్న ఒప్పందం అన్నది నా నమ్మకం. యజమానులు ఇన్నిసార్లు మారినా చేతులు మారింది ఎప్పుడూ ఆ ఒప్పందాల కట్టే.

తెలుగువాళ్లకు రేడియో మరో రూపంలో వచ్చింది. ఆకాశవాణి మొత్తం ఒకే యజమానిది కనుక అక్కడ అఫిలియేట్ల పేచీ లేదు. ఢిల్లీలో తెలుగు వార్తలు చదివితే మన కేంద్రాలు అందుకుని వినిపించేవి. నటుడిగా పేరు రాకముందు కొంగర జగ్గయ్య అలా ఢిల్లీ నుంచి చదివినవారే. దానికి మన వాడుక మాట రిలే. అయితే విజయవాడలో 1948 డిసెంబరు 1న మొదలైనదాన్ని మనం స్టేషన్ అని ఊరుకోలేదు, ఆకాశవాణి విజయవాడ కేంద్రం అన్నాం. ఇంగ్లిష్ స్టేషన్ అంటే నిలిచే చోటు. బండి మరెక్కడి నుంచో వచ్చి ఆగుతుంది. కేంద్రం అంటే వృత్తానికి నడిబొడ్డు. ఢిల్లీ నుంచి వార్తలు వచ్చినా, విజయవాడ తన నాటకాలకూ, తన సంగీతానికీ, తన రైతుల కార్యక్రమాలకూ నడిబొడ్డుగా ఉంది. అధికార పత్రాల్లో ఎలా ఉన్నా, వినేవాడి భాషలో ప్రతి కేంద్రమూ ఒక కేంద్రమే. అమెరికాలో 1941 నివేదిక చట్టం ద్వారా సాధించాలనుకున్న గౌరవం ఈ మాటలో ఉంది.

చెయిన్‌కు సరైన తెలుగు ఉదాహరణ కావాలంటే మన గొలుసుకట్టు చెరువుల్లో ఉంది. పై చెరువు నిండితే అలుగు దూకి, తెలంగాణలో అయితే మత్తడి దూకి, నీరు కింది చెరువుకు వెళుతుంది. చెరువులన్నీ కలిసే ఉంటాయి. అయినా ప్రతి చెరువుకూ తన కట్ట, తన తూము, తన ఆయకట్టు ఉన్నాయి. తూము ఎప్పుడు తెరవాలో ఆ ఊరి నీరటికాడు చూసుకుంటాడు. కాకతీయుల నాటి నుంచి ఉన్న ఈ ఏర్పాటుకు గొలుసు అన్న మాటే తగిలింది తప్ప సంకెల తగలలేదు. కలిసి ఉండడమూ, తన తూము తన చేతిలో ఉండడమూ రెండూ ఉంటేనే మనవాళ్లు దాన్ని గొలుసుకట్టు అన్నారు.

ఈ గీటురాయి మీద నేటి సంగతులు గీసి చూస్తే మర్ఫీ భయం మళ్లీ లేస్తుంది. 2025 సెప్టెంబరులో ఏబీసీ రాత్రి కార్యక్రమంలో హాస్య వ్యాఖ్యాత జిమ్మీ కిమ్మెల్ చేసిన వ్యాఖ్యలపై ఎఫ్‌సీసీ అధ్యక్షుడు హెచ్చరికగా మాట్లాడారు. వెంటనే నెక్స్‌స్టార్, సింక్లెయిర్ అనే రెండు సంస్థలు తమ ఏబీసీ అనుబంధ కేంద్రాల్లో ఆ కార్యక్రమాన్ని వేయబోమన్నాయి. నెట్‌వర్క్ దాన్ని ఆపింది, కొద్ది రోజుల్లో తిరిగి మొదలుపెట్టింది, ఆ రెండు సంస్థలూ చివరికి వేశాయి. కేంద్రానికి కాదనే హక్కు 1941లో వచ్చిందే. కానీ ఈసారి కాదన్నది ఒక ఊరి కేంద్రం కాదు. పదుల కొద్దీ కేంద్రాలను చేజిక్కించుకున్న యాజమాన్యాలు అన్ని ఊళ్ల తరఫునా ఒక్క ప్రకటనతో కాదన్నాయి. కడియాలు విడిగా గొలుసులయ్యాయి. పైగా ఆ నిర్ణయానికి ముందు ప్రభుత్వ గొంతు వినిపించింది. చట్టం కేంద్రానికి ఇచ్చిన స్వేచ్ఛ ఆ ఊరి చేతిలో ఉందని ఇక్కడ చెప్పడం కష్టం.

మన పత్రికల్లో, చానెళ్లలో ఇప్పుడు నెట్‌వర్క్ అన్న మాట రోజూ వినిపిస్తుంది. ఆ మాట తీసెయ్యమని అనను. అది కంపెనీ తన గురించి తాను చెప్పుకునే మాట అని మాత్రం మరచిపోకూడదు. వాటాలు ఎవరు కొన్నారు, ఎంతకు కొన్నారు అని రాసేటప్పుడు నెట్‌వర్క్ సరిపోతుంది. ఊళ్లో కూర్చుని వినేవాడి పక్షాన రాసేటప్పుడు చట్టం వాడిన చెయిన్ కావాలి, దాన్ని మన భాషలోని రెండు మాటలతో విడదీయాలి. ఊరి కేంద్రం తన వినేవారి కోసం కాదనగలిగితే, ఆ కాదనడానికి పైనున్న కంపెనీ అనుమతీ, ప్రభుత్వ సైగా అక్కర్లేకపోతే, అది గొలుసు. ఆ రెంటిలో ఏది కావలసి వచ్చినా దాన్ని సంకెల అని పేరు పెట్టి పిలవాలి.